నా మెదడుకు కొమ్ము మొలిచిన సంగతి

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న ఆ రోజుల్లో సిద్దిపేటలో ఎవరింట్లో ఏం జరిగినా కాసేపట్లో ఊరంతా తెలిసిపోయేది. జనమంతా రోడ్ల మీదే ఉండేవారు మరి. బస్సులు లేవు, బడులు లేవు, వంటావార్పు కూడా నడిరోడ్డు మీదే. టీచరైన మా బాపు సమ్మెలో ఉండి, రోజూ దీక్షా శిబిరంలో కూర్చునేవాడు.

నేనప్పుడే హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చేరాను. మెదడు స్కాన్ బొమ్మలను కంప్యూటర్లో సరిచేయడం నా పని. వాటిని చూసి ఒక సాఫ్ట్‌వేర్ మెదడు ఉపరితలాన్ని ముడతలతో సహా గీసిపెట్టేది. మెదడును కప్పి ఉండే పొరను కూడా అది మెదడే అనుకున్నచోట మనం చేత్తో చెరిపి, మళ్లీ నడపాలి. నేర్చుకోవడానికి నాకిచ్చింది నా మెదడునే. (యంత్రం పరీక్షకు మనుషులు దొరక్క నన్ను పడుకోబెట్టారు, అంతకుమించి నా మెదడులో విశేషమేమీ లేదు.) బంద్‌లకు ఊళ్లో చిక్కుకుపోయి, ఆ పని ఇంట్లోనే మొదలుపెట్టాను. వారంలోగా సరిగ్గా చేసి పంపకపోతే ఉద్యోగం ఉండదని ముందే చెప్పారు.

చెరిపేటప్పుడు చెయ్యి జారి, మెదడు అవతలి ఖాళీలో కొన్ని తెల్లచుక్కలు పెట్టేశాను. సాఫ్ట్‌వేర్ వాటినీ మెదడే అనుకుని అక్కడిదాకా సాగింది. నా మెదడు నెత్తిన చక్కటి కొమ్ము మొలిచింది. చుక్కలు చెరిపి మళ్లీ నడిపాను. పొద్దున పెడితే సాయంత్రానికి గాని తేలదు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. తీరా చూస్తే కొమ్ము కొమ్ములాగే ఉంది. ఇంకోసారి నడిపినా అంతే. విసుగొచ్చి, నా మెదడుకు కొమ్మొచ్చింది, ఎంత చేసినా పోతలేదు అని పైకే అనేశాను. చాయ్ తెస్తున్న అమ్మ చెవిన పడింది.

ఆమె ఏడవలేదు. నేరుగా, మేం ఖాలా అని పిలిచే పక్కింటామె దగ్గరికి పోయింది. ఖాలా తాయెత్తుతో వచ్చింది. కబురందిన బాపు సగం శిబిరాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అరటిపండ్లు కూడా వచ్చాయి. అది కంప్యూటర్ గీసిన బొమ్మేనని చెప్పబోయాను. బొమ్మ ఎవరిదని బాపు అడిగాడు. నాదేనని ఒప్పుకోక తప్పలేదు. పెద్ద దవాఖానకు పోదామంటే బస్సుల్లేవని అందరూ బాధపడ్డారు. అంబులెన్సుకైతే దారి విడుస్తామని శిబిరం వాళ్లు మాటిచ్చారు. అమ్మ మాత్రం అన్నం ముట్టడం మానేసింది. దాంతో ఉద్యోగం సంగతే మరిచిపోయాను. కొమ్ము పోతే గాని ఆమె తినదు.

మర్నాడు, పరిశోధనశాలలో నాకు పని నేర్పే అక్కకు ఫోన్ చేశాను. ఆమె అంతా విని, "చెరిపినంక ఏడికెల్లి షురూ చేసినవ్ రా?" అని అడిగింది.

సాఫ్ట్‌వేర్ మెట్టు మెట్టుగా చేసే పనిలో, టైము కలిసొస్తుందని చివరి మెట్టు నుంచి నడిపానన్నాను.

"గట్లయితే నువ్వు చెరిపింది దానికి కనవడనే లేదు. అది పాత గీతలే దిద్దుతుంది," అన్నది.

వెనకటి మెట్టు నుంచి నడిపాను. ఆ రోజు కరెంటు కూడా దయతలచింది. రాత్రి పొద్దుపోయాక కొమ్ము మాయమైంది. అమ్మను పిలిచి, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది.

"కొమ్మయితే పోయింది గని, గిన్ని ముడుతలేంది బిడ్డా? గాడ మంచిగ తింటలేవా?"

అందరికీ అలాగే ఉంటాయని ఎంత చెప్పినా నమ్మలేదు. పెద్ద గిన్నెలో పప్పన్నం కలిపి తనొక ముద్ద, నాకు రెండు ముద్దలు లెక్కన కానిచ్చింది.

ఉద్యోగం నిలిచింది. ఈమధ్య కొత్త యంత్రం వస్తే పరీక్షకు మళ్లీ నేనే పడుకున్నాను. కొత్తగా చేరిన పిల్లలు నా మెదడును తెర మీద తిప్పుతుంటే వెనక నిలబడి చూశాను. ముడతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరితోనూ అనలేదు గానీ, ఆ మధ్యాహ్నం ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.