ఆఫ్రికాకు పన్నెండు కంచాలు

మనిషన్నాక ఎప్పుడో ఒకసారి పరువు పోతుంది. అందులో వింత లేదు. కానీ పోయిన పరువు మీద తన పేరు, ఊరి పేరు తన చేత్తోనే చెక్కి, ఎంత తోమినా చెరగకుండా చేసుకున్నవాణ్ని ఇంకొకణ్ని చూపించండి, మా దుకాణంలో మీకు నచ్చిన గిన్నె ఊరికే ఇస్తాను. ఏడేళ్లయింది. ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా నా చెవులు వేడెక్కుతాయి. అన్నానికీ చెవులకూ ఏం సంబంధమో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మాది వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం. మా దగ్గర గిన్నె కొన్నవాళ్లు ఉత్త గిన్నె పట్టుకెళ్లరు. పెళ్లికిచ్చేదైనా గృహప్రవేశానికిచ్చేదైనా దాని మీద పేరు కొట్టించాల్సిందే. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ సందర్భం, ఏ ఊరు, అన్నీ ఉండాలి. ఆ పేర్లు కొట్టే మిషన్ మీద నా చెయ్యి ఏడో తరగతి నుంచే ఆడింది. ఒకసారి కొడితే ఆ గిన్నె సొట్టలు పడి చిల్లులు పోయేదాకా అక్షరం పోదు. మా నాన్న దుకాణానికి వచ్చినవాళ్లందరికీ నా అక్షరాలు చూపించి మురిసిపోయేవాడు. ఆ మురిపెమే నా కొంప ముంచింది.

అప్పుడు నేను సోషియాలజీలో ఎంఏ చదువుతున్నాను. సెమినార్ పేపరు కోసం సుజాత మేడం ఇచ్చిన అంశం: ఆఫ్రికా సమాజాల, అపాచీ సమాజాల సామాజిక, ఆర్థిక పరిస్థితుల పోలిక. ఇంట్లో ఈ మాట చెబితే మా అమ్మ, "అపాచీ గిపాచీ ఏం లేదు, బస్సుల పో, బండి కొనియ్య" అంది. అది బండి కాదనీ అమెరికాలో ఉండే మనుషులనీ అర్థమయ్యేలా చెప్పేసరికి పప్పు మాడింది.

మేడం ముందే హెచ్చరించారు. "శ్రీకాంత్, ఆఫ్రికా అంటే ఒక ఊరు కాదు, యాభై మీద దేశాలున్నయ్. అపాచీలు గూడ ఒక్కటే గుంపు కాదు. ఏదన్న ఒక్క సముదాయం పట్టుకొని చిన్నగ రాయి. మనుషుల్ని అడిగి రాయి."

"అట్లనే మేడం" అన్నాను. అంతగా తలూపినవాడు చెప్పిన మాట వినడని మేడంకు ఆ రోజు తట్టలేదు.

మనుషుల్ని అడగడానికి నేను ఎక్కడికో పోవాల్సిన పని లేదు. హన్మకొండలో మా ఇంటి మీది గదిలోనే ఒక ఇథియోపియా మనిషి అద్దెకుండేవాడు. పేరు తెస్ఫాయే. వాళ్ల దేశంలో కాలేజీ లెక్చరరు, ఇక్కడ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేయడానికి వచ్చాడు. మా అమ్మ నోట్లో మూడో రోజుకే తెస్ఫయ్య అయ్యాడు. రెండేళ్లలో మా భాష ఎంత బాగా పట్టాడంటే, కూరగాయల బండి దగ్గర "జర మంచియి ఏరి ఇయ్యి, మొన్నటియి పుచ్చులున్నయ్" అని ఆయన అంటుంటే పక్కన మేం నోరు మూసుకుని నిలబడేవాళ్లం. నన్ను తమ్మీ అనేవాడు. నా ఇంగ్లీషు తప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్దిపెట్టేవాడు.

అరవై ప్రశ్నల పట్టిక తయారు చేసుకున్నాను. ఒక ఆదివారం దాన్ని పట్టుకుని పైకెళ్లాను. తలుపు తీసే ఉంది. లోపల తెస్ఫాయే అన్న, ఆయన దేశపు స్నేహితులు నలుగురు, నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. నడుమ ఒకే ఒక్క పెద్ద కంచం. దాని నిండా జొన్నపిండి పులియబెట్టి పోసిన వెడల్పాటి అట్టు, దాని మీద నాలుగు రకాల కూరలు. ఐదుగురూ అందులోనే తింటున్నారు.

ఇదే ఇంకెవరైనా చూస్తే కూరల్ని చూసేవారు, ఆ మనుషుల నవ్వుల్ని చూసేవారు. నేను స్టీలు సామాన్ల దుకాణంవాడిని. కంచాలు లెక్కపెట్టాను. ఐదుగురు మనుషులు, ఒక్క కంచం. నా గుండె కరిగిపోయింది.

"దా తమ్మీ, కూసో" అంటూ అన్న ఒక పెద్ద ముద్ద చుట్టి నా నోటి దాకా చేయి చాపాడు.

"ఇప్పుడే తిన్న అన్నా" అని అబద్ధమాడి రెండడుగులు వెనక్కి వేశాను. వాళ్లకే చాలీచాలనట్టుంది, అందులో నేనొకణ్ని ఎందుకు అనుకున్నాను. అన్న చేయి కాసేపు గాలిలోనే ఉండిపోయింది. ఆ చేయి ఇప్పటికీ నా కళ్ల ముందు అలాగే ఉంది. ప్రశ్నల పట్టిక బయటికి తీయనే లేదు. పాపం, పేదరికం గురించి అడిగితే బాధపడతాడని నా జాలి. కిందికొచ్చి నా గదిలో కూర్చుని, ఆఫ్రికా సమాజాల్లో వంటపాత్రల కొరత తీవ్రంగా ఉందని నాలుగు పేజీలు రాశాను. ఒక ఖండం మొత్తాన్ని మా ఇంటి మీది గదిలో ఇరికించాను.

ఇక అపాచీలు. వరంగల్‌లో వాళ్లెవరూ దొరకలేదు కాబట్టి ఫోన్‌లోనే చదివాను. ఆడపిల్ల పెద్దమనిషి అయితే నాలుగు రోజులు వేడుక చేస్తారట, చుట్టాలందరినీ పిలిచి భోజనాలు పెడతారట. అంతే, దొరికిందిరా అనుకుని, "ఈ దుబారాయే వారి వెనుకబాటుకు మూలం" అని తీర్పు రాసేశాను. వాళ్ల భూములు ఏమయ్యాయి, వాళ్లను ఎవరు ఎక్కడికి తోలారు అన్నది కూడా అక్కడే ఉంది. పెద్ద వ్యాసం కదా, కిందిదాకా పోలేదు.

రాయడంతో ఆగినా బాగుండేది. నాలోని దాత నిద్ర లేచాడు. సెమినార్‌లోనే తెస్ఫాయే అన్నకు శాలువా కప్పి, ఒక డజను కంచాలు బహూకరిస్తే ఎలా ఉంటుంది? మా నాన్నతో "ఒక సన్మానం ఉంది" అని చెప్పి పన్నెండు కంచాలు తీసుకున్నాను. మిషన్ ముందు కూర్చుని, ఒక్కో కంచం అంచు మీద గుండ్రంగా, నా జీవితంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ కొట్టనంత శ్రద్ధగా కొట్టాను: "ఆఫ్రికా పేద సోదరులకు సహాయార్థం. దాత: శ్రీకాంత్, వరంగల్."

సెమినార్ రోజు పొద్దున అన్న తెల్లటి నూలు బట్టలు వేసుకుని దిగాడు. మెడ దగ్గర, అంచుల్లో రంగుల కుట్టుపని. వాళ్ల పండగ బట్టలట. "సన్మానం అన్నవ్ కద తమ్మీ. మా అమ్మ గూడ చూస్తది ఫోన్ల. నా దోస్తు వీడియో పడ్తడు" అన్నాడు. ఆ మాట విని నేను ఇంకా పొంగిపోయాను. ఒక తల్లి కళ్లారా నా దానగుణం చూడబోతోంది కదా.

హాలు నిండింది. మొదట అపాచీల భాగం చదివాను. దుబారా దగ్గరికి రాగానే సుజాత మేడం చేయెత్తారు.

"మొన్న వేసవిల మీ చెల్లె పెద్దమనిషైన ఫంక్షన్‌కు నన్ను పిలిచిన్రు కద శ్రీకాంత్. ఎంతమంది ఒచ్చిన్రు?"

"ఏడెనిమిది వందలు మేడం."

"మడికొండ కమాన్ కాడ ఫ్లెక్సీ ఎవరు కట్టిన్రు?"

"నేనే మేడం."

"అయితే మీరు గూడ వెనుకబడ్డరా?"

హాలు గొల్లుమంది. ఆఫ్రికా పేజీలు చదివే ధైర్యం చచ్చిపోయింది. పోయిన పరువు కంచాలతో తిరిగొస్తుందనుకున్నాను. గబగబా తెస్ఫాయే అన్నను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, కంచాల కట్ట చేతిలో పెట్టాను. చప్పట్లు మోగాయి. అన్న ముఖం వెలిగిపోయింది. పై కంచం తీసి అంచు మీద వేలితో తడిమి చూశాడు. మాట్లాడటమే తప్ప తెలుగు చదవడం ఆయనకు రాదు.

"ఏం రాసినవ్ తమ్మీ?"

ఆ ఒక్క క్షణంలో నాకు మొదటిసారి, నేను ఏం రాశానో అర్థమైంది. ఆయనకు చదివి వినిపించాల్సి వచ్చేసరికి అర్థమైంది.

"శుభాకాంక్షలు అని రాసిన అన్నా."

ఆయన సంతోషంగా ఆ కంచాన్ని రెండు చేతులతో ఎత్తి, మొదట ఫోన్ వైపు, తర్వాత హాలు వైపు తిప్పి చూపించాడు. హాలుకు తెలుగు వచ్చు. ముందు వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు, ఆ నవ్వు వెనక వరసల దాకా పాకింది. అన్న కూడా వాళ్లతో పాటు నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. అది చూశాక నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

మేడం వేదికెక్కి కంచం అందుకుని చదివారు. ఆవిడ నవ్వలేదు. "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అని మెల్లగా అడిగారు.

చెప్పాను. మొత్తం చదివాను, దాత పేరుతో సహా. "మీ ఇంట్ల ఒక్కటే కంచం ఉన్నదని, ఐదుగురు దాంట్లనే తింటాండ్లని..." అంటూ ఇంకా ఏదో గొణిగాను.

తెస్ఫాయే అన్న నా వైపు చూడలేదు. దోస్తు వైపు తిరిగి, "బంద్ చెయ్యి. అమ్మ చూస్తాంది" అన్నాడు. శాలువా మడత పెట్టి చంకలో పెట్టుకుని, కంచాల కట్ట మోసుకుంటూ హాలు దాటి వెళ్లిపోయాడు. అంత జరిగాక కూడా ఇచ్చిన వస్తువు వదిలేసి పోవడం ఆయనకు మర్యాద అనిపించలేదు.

నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మా అమ్మ గేటు దగ్గరే ఉంది.

"ఏం జేసినవ్ రా? తెస్ఫయ్య రూం ఖాళీ చేస్త అంటాండు."

చెప్పక తప్పలేదు. కంచం సంగతి, ముద్ద సంగతి, వెనక్కి జరిగిన సంగతి, అన్నీ చెప్పాను. అమ్మ గేటు గడియ వేసింది.

"చిన్నప్పుడు నిన్ను, మీ మామ కొడుకులిద్దర్ని ఒక్క కంచం చుట్టు కూసోబెట్టి ముద్దలు పెట్టిన. అప్పుడు మన దుకాణంల కంచాలు లేకుండెనా?"

ఈ ప్రశ్న నా అరవైలో లేదు.

అమ్మ నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయింది. అన్న పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతున్నాడు. కంచాలు కిటికీ దగ్గర వరసగా పేర్చి ఉన్నాయి. "తప్పయింది అన్నా" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

ఆయన సర్దడం ఆపాడు. "ముద్ద పెట్టుడంటే మా దగ్గర ఇష్టం తమ్మీ. పరాయోళ్లకు పెట్టం. ఆ రోజు నువ్వు ఎనుకకు పోతే, నల్లోని చేతి ముద్ద ఒద్దన్నవనుకున్న. వారం రోజులు మంచిగ నిద్ర పట్టలే."

నేను పోయి పై కంచాన్ని నా పేరు కనబడకుండా బోర్లించాను.

"నేను గూడ ఒచ్చిన కొత్తల ఒకటి అనుకున్న" అన్నాడు అమ్మ వైపు తిరిగి. "మీ ఇంట్ల చెంచా మీద గూడ పేరున్నది. ఈ ఊర్ల గిన్నెల దొంగలు శాన ఉన్నరేమో, పాపం అనుకున్న."

అమ్మ నవ్వేసింది. "నన్ను అడిగితివి గద బిడ్డా."

"అవునమ్మా. అడిగిన."

ఆ ఒక్క మాట చాలు. ఆయన అడిగాడు, నేను అడగలేదు. మేడం నాకు మార్కులు వేశారో లేదో కూడా ఇప్పుడు గుర్తు లేదు గానీ ఈ మాట గుర్తుంది.

అమ్మ పుస్తకాల పెట్టెను కాలితో పక్కకు తోసి, ఖాళీ చేసే మాట ఇంకోసారి ఎత్తొద్దని చెప్పి, కిందికెళ్లి అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు తెచ్చింది. అన్న తన పెద్ద కంచం నడుమ పెట్టాడు. మొదటి ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టి ఆగాడు.

"ఇప్పుడే తిన్నవా తమ్మీ?"

"లేదన్నా, ఆకలైతాంది" అన్నాను. ముద్ద పెద్దది. తొక్కు కారానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారానికేనని ఆ రోజు అందరికీ చెప్పాను.

ఒక కంచం ఆయన గుర్తుగా ఉంచుకున్నాడు. మిగతా పదకొండూ మా ఇంటికి దిగాయి. అమ్ముదామంటే ఎవరు కొంటారు? మా నాన్న వాటిని ఇంట్లోకే వాడమన్నాడు. పెళ్లి కోసం నన్ను చూడటానికి వచ్చిన ఆడపిల్లవాళ్లకు అమ్మ వాటిల్లోనే ఉప్మా పెట్టింది. మా మామగారు ఉప్మా ఒక పక్కకు జరిపి అంచు మొత్తం చదివి, "దాత మీరేనా?" అని అడిగారు. అయినా పిల్లనిచ్చారు, అది వారి గొప్పతనం.

పీహెచ్‌డీ అయ్యాక తెస్ఫాయే అన్న తన దేశం వెళ్లిపోయాడు. పోయిన ఏడాది ఏదో మీటింగు కోసం హైదరాబాద్ వచ్చి, పనిగట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వాళ్లమ్మ పంపిన పెద్ద గడ్డి బుట్ట తెచ్చాడు. దాని చుట్టూ కూర్చుని అందరూ కలిసి తింటారట. బుట్ట మీద కప్పడానికి ఒక తెల్లటి గుడ్డ, దాని అంచు పొడుగునా వాళ్ల లిపిలో ఎర్ర దారంతో కుట్టిన అక్షరాలు.

"అమ్మ సొంతంగ కుట్టింది. కంచం మీద ఏమున్నదో ఆమెకు చెప్పిన" అన్నాడు.

"ఏం రాసింది అన్నా?"

"అడుగుతానవా? మంచిగైంది." వేలు పెట్టి ఒక్కో మాట చదివాడు. "వరంగల్‌ల విడిగ కూసోని తినే పేద తమ్మునికి సహాయార్థం."

కాబట్టి పాఠకులారా, స్టేషన్ ఘన్‌పూర్ కాలేజీలో పిల్లలకు సాంఘిక విషయాలు బోధిస్తూ జీతం తీసుకుంటున్న నేను, ఆ గుడ్డ మీద ఎడమ చెయ్యి, నా పేరున్న కంచం మీద కుడి చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అడగకుండా ఎవరి మీదా జాలిపడను. ఏ ఖండానికీ ఏ సాయమూ చేయను. పేర్లు కొట్టే మిషన్ ఉన్న గదిలోకి ఒంటరిగా పోను. ఎవరు ముద్ద చాపినా, కడుపు నిండి ఉన్నా సరే, నోరు తెరుస్తాను.