మూర్తిగారికి మా నాయిన సైకిల్ నేర్పిన సంగతి

మా చిన్నప్పటి మూసాపేటలో పొద్దున ఏడయ్యేసరికి బాలానగర్ రోడ్డంతా సైకిళ్ళే... హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా, పైజామా కాలికి క్లిప్పు. అందరూ కార్ఖానాలకే. ఆ గుంపులో మా నాయిన, వెనక క్యారేజీ మీద నేను. నా బడి దారిలోనే.

మా ఇంట్లో ముందు గదుల్లో మూర్తిగారు, ఆయన భార్య సరోజ పిన్ని కిరాయికి ఉండేవాళ్ళు. కాకినాడ వైపు నుంచి వచ్చారు. ఆయన మా నాయిన పనిచేసే కార్ఖానాలోనే గుమాస్తా. పాపం, రోజూ బస్సు కోసం నిలబడేవారు. అది వస్తే వచ్చేది, లేకపోతే లేదు. ఆలస్యమైందని ఆఫీసులో రెండుసార్లు మాట పడ్డారు కూడా.

"సార్, గా బస్సు కోసం ఎందుకు పరేషాన్ అయితరు? సైకిల్ నేర్చుకోండ్రి" అన్నాడు నాయిన ఒకరోజు.

"అబ్బే, నా వల్ల కాదండీ. నలభై ఏళ్ళొచ్చాయి. పడితే నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీయండ్రి. నేను పదేండ్లప్పుడు పడ్డ, మీరు నలభైల పడ్తరు. గంతే ఫరక్."

అక్కడితో ఊరుకోలేదు నాయిన. అరుగు మీద కూర్చుని రోజూ చెప్పేవాడు... పొద్దటి గాలి ముఖానికి ఎట్లా తగులుతుందో, వరిమడుల పక్కనుంచి పోతుంటే ఎంత హాయిగా ఉంటుందో, సాయంత్రం ఇష్టమొచ్చిన చోట దిగి తాజా కూరగాయలు ఎట్లా తెచ్చుకోవచ్చో. వింటున్న నాకే అనిపించేది, క్యారేజీ మీద కాదు, సీటు మీద కూర్చోవాలని!

చివరికి మూర్తిగారు ఒప్పుకున్నారు. రెండు నెలల పాటు ప్రతి ఆదివారం మైదానంలో నేర్చుకున్నారు. నాయిన సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తేవాడు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ తర్వాత ఆయన సొంత సైకిల్ కొనుక్కున్నారు. ఇక ఆయన మనిషే మారిపోయారు... ఇంటికి వస్తూ దారిలో తోటకూర కట్టలు తెచ్చేవారు, గుమ్మం దగ్గర అవసరం లేకపోయినా బెల్లు కొట్టేవారు.

ఆ వానాకాలం ఒక పొద్దున మేం ముగ్గురం ఆలస్యంగా బయల్దేరాం. మూర్తిగారు వెనకబడ్డారు. నాయిన తల తిప్పి గట్టిగా అరిచాడు, "జర జోర్‌గ తొక్కుండ్రి సార్! సైరన్ అయితది!"

ఆయన లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టారు. అప్పుడే వెనకనుంచి లారీ... దానికి దారివ్వబోయి రోడ్డు అంచు దిగారు. చక్రం తడి కంకరలో జారింది, ఆయన పడిపోయారు. లారీ ఆగలేదు. వెనక వస్తున్నవాళ్ళంతా సైకిళ్ళు పడేసి పరుగెత్తారు. మూర్తిగారి తొడ ఎముక విరిగింది. ఎడ్లబండి మీద గడ్డి పరిచి దవాఖానకు తీసుకుపోయారు.

పిన్ని ఏడుస్తూ అడిగింది. "ఏమైంది అన్నయ్యగారూ? మీరు పక్కనే ఉన్నారుగా?"

"లారీ వచ్చింది చెల్లె..." అన్నాడు నాయిన. అంతే.

నేను ఆయన ముఖం వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు.

నాలుగు రోజులు నాయిన సరిగ్గా అన్నం తినలేదు. అమ్మ అడిగితే ఒంట్లో బాగాలేదన్నాడు. నాకు ఆ అరుపు సంగతి తెలుసు, అయినా అమ్మకు చెప్పలేదు. ఐదో రోజు నా చేయి పట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు. మంచం పక్కన నిలబడి పిన్నితో అన్నాడు...

"చెల్లె, జోర్‌గ తొక్కుమని నేనే ఒర్లిన. సార్ ఇంకా కొత్త. నేను తొందర పెట్టకపోతే గిట్ల కాకపోతుండె."

పిన్ని ఒక్కటే అడిగింది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"



"నాకు వినబడిందిలెండి..." అన్నారు మూర్తిగారు మంచం మీదనుంచి. "తొందర నాకూ ఉంది."

ఆయన క్షమించారు. పిన్ని మాత్రం నెలల తరబడి నాయినతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే మా అమ్మతో చెప్పేది. ఒకే చూరు కింద అట్లా ఉండటం ఎంత కష్టమో నాకప్పుడే తెలిసింది.

కట్టు విప్పాక మూర్తిగారికి ఒక కాలు కొంచెం పొట్టి అయింది. బస్సు ఎక్కలేరు. పనికి పోకపోతే ఉద్యోగం ఉండదు. నాయిన ఎవరినీ అడగలేదు, పనికెక్కాల్సిన మొదటిరోజు పొద్దున్నే సైకిల్ తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. మూర్తిగారు కుంటుకుంటూ బయటికొచ్చారు. వెనకే పిన్ని... చేతిలో నాలుగు మడతలు పెట్టిన పాత బొంత.

"ఇది క్యారేజీ మీద వేయండి అన్నయ్యగారూ. ఎముక ఒత్తుకుంటుంది."

నాయిన బొంతను క్యారేజీకి తాడుతో గట్టిగా కట్టాడు. ఆ రోజునుంచి రెండేళ్ళు, మూర్తిగారికి ఆఫీసు పక్కనే ఇల్లు దొరికేదాకా, ఆయన్ని నాయినే తీసుకెళ్ళాడు. నేను బడికి నడిచేదాన్ని. నాయిన ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

కానీ ఆ తర్వాత నాయిన ఎవరికీ సైకిల్ గురించి మంచి చెప్పలేదు. ఎవరైనా కొనాలా అని అడిగితే "నీ ఇష్టం బిడ్డా" అని లోపలికి పోయేవాడు. చెప్పుడు మానేశాడు... చనిపోయేదాకా తొక్కుడు మాత్రం మానలేదు.

మొన్న నా బిడ్డ అంది, హైటెక్ సిటీ ఆఫీసుకు కారులో పోయి పోయి విసుగొచ్చింది, సైకిల్ కొంటానని. నేను ఔననలేదు, వద్దనలేదు. మెట్రో కింద ఆ బాలానగర్ రోడ్డు దగ్గర కాసేపు నిలబడి చూసొచ్చాను. అన్నీ అద్దాలెత్తిన బండ్లే. ఆనాడు ఆ దారిలో ఒక మనిషి పడితే, పేరు పెట్టి పిలుచుకుంటూ పదిమంది దిగారు...

ఇప్పుడు నా బిడ్డకు ఏం చెప్పాలి? రోజూ సైకిల్ మీద పనికి పోయినవాళ్ళు, పోతున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే... మీ మాట వినాలని ఉంది.