గుర్రానికి వేళ్ళు

అమెరికాలోని శాన్‌పీట్ లోయలో టర్కీ కోళ్ళు పెంచేవాళ్ళు కావలసినంత మంది ఉన్నారు గానీ, ఆదివారం చర్చిలో పెద్దల తరగతి నడపడంలో ఆర్వెల్ సోరెన్‌సన్‌కు సాటివచ్చేవాడు లేడు. అక్కడివాళ్ళు మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ళు; వాళ్ళలో జీతానికి పాఠం చెప్పేవాళ్ళుండరు. బిషప్ పిలిచి పని అప్పగిస్తాడు, చాలనుకున్నప్పుడు విడుదల చేస్తాడు. ఆర్వెల్‌ను విడుదల చేయాలని ముప్ఫై ఏళ్ళలో ఏ బిషప్‌కూ తోచలేదు. భార్య పోయాక అతనికి ఆ తరగతే లోకమైంది. వారమంతా మేత పోస్తూ కోళ్ళకే పాఠం అప్పజెప్పుకునేవాడు. పాపం, అవి ఏనాడూ ఎదురుప్రశ్న వేయలేదు.

ఆ తరగతిలో అందరూ ఎదురుచూసేది మట్టిగుర్రం కోసం. ఎప్పుడో మెక్సికో శిథిలాలు చూడబోయి సంతలో కొన్నాడు దాన్ని. పూర్వకాలపు అమెరికాలో గుర్రాలున్నాయని మోర్మన్ల గ్రంథం చెబుతుంది. ఆ కాలానికి అవి ఏనాడో అంతరించాయనీ, మళ్ళీ స్పెయిన్‌వాళ్ళు తెచ్చేదాకా లేవనీ తవ్వకాలవాళ్ళంటారు. ఆర్వెల్ రుమాలు విప్పి బొమ్మను బల్లమీద పెట్టి, "వాళ్ళకి కనబడలేదు, నాకు కనబడింది," అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. అయినా అందరికీ ముద్దే.

కూతురు మార్లిస్ మెక్సికోలోనే తవ్వకాల్లో పనిచేస్తోంది. ఆ ఏడు సరిగ్గా గుర్రం పాఠం ముందురోజే ఇంటికొచ్చింది. శనివారం సాయంత్రం ఇద్దరూ రొట్టె తుంచి చల్లటి పాలలో వేసుకుని, పచ్చి ఉల్లిపాయ నంజుకుంటూ కూర్చున్నారు. రేపు నువ్వే లేచి ఈ గుర్రం గురించి రెండు ముక్కలు చెప్పు, చదువుకున్నదానివి, అన్నాడు ఆర్వెల్. ఆమె మాట మార్చింది. అతను వదల్లేదు. ఇంకా తవ్వాల్సిన నేల ఎంతో ఉందని వాదించాడు. తవ్వినచోట ఆ కాలపు గుర్రపుటెముక గానీ గ్రంథం చెప్పే ఇనుప కత్తి గానీ దొరకలేదనీ, తవ్వనిచోట ఉందని తాను ఒట్టు వేయలేననీ ఆమె అంది.

"పోనీ, ఇదేంటి మరి?" అని బొమ్మను ముందుకు తోశాడు.

మార్లిస్ బొమ్మను అతనివైపే తిప్పింది. తర్వాత మెల్లగా అంది, "కుక్క, నాన్నా. కాళ్ళు చూడు. గుర్రానికి వేళ్ళెక్కడివి?"

ఆర్వెల్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. నాలుగు కాళ్ళకూ వేళ్ళు గీసి ఉన్నాయి. చిన్నప్పటినుంచి గుర్రాలకు లాడాలు కొట్టినవాడు! సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. పాలగిన్నె అలాగే వదిలేసి లేచాడు.

పొద్దున్నే తండ్రి మొహం చూసి మార్లిస్‌కు భయం వేసింది. ఏమీ అనొద్దనీ, బొమ్మ ఇంట్లో వదిలేసి వేరే పాఠం చెప్పేయమనీ బతిమాలింది. నిజం బయటపెడితే తరగతి పోతుందని ఇద్దరికీ తెలుసు. అయినా ఆర్వెల్ బొమ్మను రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది కుక్క," అన్నాడు తరగతిలో. "ఇన్నేళ్ళూ మీకు కుక్కను చూపించి గుర్రమన్నాను. గ్రంథం నిజమని నమ్ముతున్నాను, రేపూ నమ్ముతాను. దీన్ని మాత్రం సాక్ష్యానికి నిలబెట్టను."

ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే లొరెన్ అనే ఆయన, మరి గుర్రాలు ఉన్నట్టా లేనట్టా అని నిలదీశాడు. నాకు తెలియదు, అన్నాడు ఆర్వెల్. ఆ చర్చిలో లేచి తమ నమ్మకం చెప్పేటప్పుడు "నాకు తెలుసు" అనడం అందరికీ ఊపిరంత అలవాటు. తెలియదన్న మాట అక్కడ ఎవరూ వినలేదు.

మరుసటి ఆదివారం బిషప్ వేదికెక్కి ఆర్వెల్‌ను విడుదల చేస్తున్నామనీ, అతని సేవకు కృతజ్ఞతగా చేతులెత్తమనీ అన్నాడు. అన్ని చేతులూ లేచాయి. ఆర్వెల్ కూడా అలవాటుగా ఎత్తాడు. పక్కన మార్లిస్‌కు ఏడుపు ఆగలేదు.

"నావల్లే కదా నాన్నా."

"నీవల్లేంటే, కుక్కవల్ల," అన్నాడు, రుమాలు తీసి ఆమె చేతికిస్తూ.

అతనికి పసిపిల్లల గది అప్పగించారు. తరగతి లొరెన్‌కు ఇచ్చారు. నడవాలో లొరెన్ అతన్ని పక్కకు పిలిచి, ఆ గుర్రం ఓసారి ఇమ్మన్నాడు. పోయినవారం పాఠం చెడింది కదా, మళ్ళీ చెప్పాలట.

"కుక్క అని చెప్పాను కదయ్యా."

"చెప్పావులే బ్రదర్. వెనక వరుసల్లోంచి గుర్రంలాగే ఉంటుంది."

ఆర్వెల్ జేబులోని బొమ్మను తడిమాడు. వేలికి ఆ చిన్న వేళ్ళు తగిలాయి.

"ఇన్నాళ్ళూ నేనూ వెనక వరుసలోనే కూర్చున్నాను లొరెన్," అని, పిల్లల గదివైపు నడిచాడు.