ఉంగరపు వేలికి ఒక మాట

మా టైపు మాస్టారు పోయారు. కబురు అందేసరికి నేను హనుమాన్ జంక్షన్‌లో ఒక లారీ ప్రమాదం వివరాలు రాసుకుని, విజయవాడ బస్సు కోసం నిలబడి, ఎదురుగా రెడీమేడ్ బట్టల దుకాణం బోర్డు చదువుతున్నాను. డ్రెసెస్. ఇంగ్లిషులో రాస్తే అందులో ‘ఎస్’ మూడుసార్లు వస్తుంది. అక్షరాలన్నీ ఎడమచేతివే. సాయంత్రం మాస్టారికి చెప్పాలి అనుకుంటుండగా ఫోను మోగింది.

"అబ్బాజాన్ పోయారన్నా. టీ తాగి పడుకున్నారు, మళ్లీ లేవలేదు" అంది ఆయన కూతురు.

ఆ బోర్డుకీ ఆయనకీ ఉన్న సంబంధం తొంభైల నాటిది. వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టు మేడమీద ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయర్ పరీక్ష కోసం చేరాను. టైపులో ఏ అక్షరం ఏ వేలు కొట్టాలో నియమం ఉంటుంది. సైకిలు మీంచి పడ్డప్పుడు విరిగిన నా ఎడమ చిటికెన వేలు సరిగా అతకలేదు. అది ‘ఏ’ కొడితే కాగితం మీద నీడ పడేది, అంతే. దాని పని కూడా ఉంగరపు వేలితో కానిచ్చేవాణ్ణి. మాస్టారు వెనకనుంచి చూశారు.

"ఏం బాబూ, పక్కింటాయన చేత నీళ్లు మోయిస్తున్నావ్?"

"ఆ వేలు పనికిరాదండీ."

"పనికిరాని వేలుండదయ్యా. దానికి పని పెట్టలేదు నువ్వు."

మర్నాడు ఒక మాట ఇచ్చారు. బజార్. "ఇంగ్లిషులో ఆరక్షరాలు. నాలుగు చిటికెన వేలివే. ఇదే కొట్టు."

అది ఆయన పద్ధతి. ఎవరి వేలు మొరాయిస్తే ఆ వేలి అక్షరాలున్న మాట వెతికి తెచ్చేవారు. డిక్షనరీ ముందు కూర్చునే మనిషి కాదు. సిటీ బస్సుల మీద, సిమెంటు బస్తాల మీద, మందుల అట్టల మీద వెతికేవారు. మనతో మాట్లాడుతూనే ఆగిపోయి గోడమీది ప్రకటన వైపు చూసేవారు. పెదాలు కదిలేవి. ఫలానా మాటకి అర్థమేమిటండీ అని ఎవరైనా అడిగితే, "అర్థాలు మీ కాలేజీలో చెప్తారు. నేను వేళ్లు చూసుకుంటా" అనేవారు.

నేను పాసయ్యాను. ఆ టైపింగే నన్ను పత్రికాఫీసులో కూర్చోబెట్టింది. తర్వాత కంప్యూటర్లొచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. మాస్టారు ఒక్క మిషను ఇంటికి తెచ్చుకున్నారు. ఇంకొన్నేళ్లకి పక్షవాతం వచ్చి ఆయన ఎడమచెయ్యి పడిపోయింది.

చూడ్డానికి వెళ్తే, వ్యాయామం కోసం డాక్టరిచ్చిన రబ్బరు బంతి మంచం కింద కనిపించింది.

"బంతి నొక్కితే ఏమొస్తుందయ్యా? అక్షరం పడాలి గానీ. నాకు మాటలు తీసుకురా. అన్నీ ఎడమచేతివే."

అప్పట్నుంచి వార్త కోసం ఏ ఊరెళ్లినా నా కళ్లు బోర్డుల మీదే. మైలవరంలో నాయకుడు ప్రసంగిస్తుంటే నేను గోడలు చదివేవాణ్ణి. మొదట తీసుకెళ్లిన మాట టీ. ఇంగ్లిషులో మూడక్షరాలు, మూడు వేళ్లు. అది కాగితం మీద పడటానికి చాలా రోజులు పట్టింది. పడ్డ రోజు ఆయన వంటింటి వైపు కేకేశారు.

"ఇదిగో, టీ ఆర్డరు పంపించా!"

"చెయ్యి లేచిందో లేదో, పెత్తనం మొదలు!" అంది ఆంటీ లోపలినుంచి. టీ మాత్రం వెంటనే వచ్చింది.

మూడు వేళ్లు దారికొచ్చాయి. ఉంగరపు వేలు రాలేదు. వాటర్ ఇచ్చాను, స్వీట్స్ ఇచ్చాను. మిగతా అక్షరాలు పడేవి, దాని అక్షరాల దగ్గర ఖాళీ. పోయినసారి ఆ వేలిని కుడిచేత్తో పట్టుకుని కుదిపారు.

"వీడొక్కడే మిగిలాడు. వీడి అక్షరం ‘ఎస్’. అది ఎక్కువున్న మాట, గట్టిది చూసి తే. వీణ్ణి లేపకుండా నేను పోను."

నేను వెళ్లేసరికి జనాజా బయల్దేరుతోంది. పాడెకి భుజం పట్టాను. తిరిగొచ్చాక కూతురు అడిగింది.

"మాట దొరికిందా అన్నా? నిన్నంతా మీ గురించే."

"దొరికిందమ్మా." డ్రెసెస్ అని చెప్పాను.

మిషన్లో కొత్త కాగితం ఎక్కించి ఉంది. ఇద్దరం దాన్ని ముట్టుకోలేదు.

సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. బోర్డులు వెనక్కి పోతున్నాయి. గ్యారేజ్, ఉంగరపు వేలికి పని లేదు. ట్రేడర్స్, ఒక్క దెబ్బే. నా ఎడమ ఉంగరపు వేలు ముందు సీటు కడ్డీ మీద కొడుతూనే ఉంది.