తుడుపుగుడ్డ తెల్లగానే ఉంది

వాన పడితే నాకు ఊళ్ళు తెరుచుకుంటాయి. ఎండలో ఎవరి గడప ఎక్కినా "ఏం కావాలి?" అంటారు. వానలో ఎక్కితే "అయ్యో, తడిసిపోయారే" అంటారు. ఇన్నేళ్ళ తిరుగుడులో నా పరిచయాలు సగం చూరు కింద దొరికినవే. నేను దిగిన బసకి ఎదురుగా ఉన్న బౌలింగ్ హాల్లోకి కూడా అలాగే దూరాను. ఆట మీద మోజుతో కాదు, గొడుగు లేక.

లోపల అడుగు పెట్టగానే, ఆడేవాళ్ళకి బూట్లిచ్చే బల్ల వెనకనుంచి ఒక పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ గీత దాటకండి. మీ చెప్పులు తడి."

"ఆడనండీ. కాసేపు కూచుని పోతాను."

"కూచోండి, ఎవరొద్దన్నారు? కుర్చీ దాకా ఎగిరి వెళ్ళరు కదా." అని నా పాదాల వైపు ఒక చూపు చూసి, అడక్కుండానే ఒక జోడు తీసి బల్ల మీద పెట్టాడు. అతికినట్టు సరిపోయింది.

చెప్పులు కుట్టేవాళ్ళు మనిషి మొహం కంటే ముందు కాళ్ళు చూస్తారని ఎక్కడో చదివాను. ఈయనా ఆ కోవలోవాడే అనుకున్నాను. పొరపాటు. ఆయన కాళ్ళు చూసేది మొహాలు చూడలేక. ఈ సంగతి తెలియడానికి నాకు ఆ వానాకాలం చాలావరకు పట్టింది. కొంత ఆయన చెప్పాడు, కొంత టీ కౌంటరు ఆవిడ చెప్పింది. మధ్యలో అతుకులు నావి.

ఆ హాల్లో ఆయన్ని అందరూ నూనె మావయ్య అంటారు. బూట్లిచ్చేవాడికి నూనెతో ఏం పనని నేనూ అడిగాను. టీ కౌంటరు ఆవిడ నవ్వింది. "ఈ బల్ల దగ్గర కూచోవడం నిన్నమొన్నటిదండీ. అంతకు ముందంతా ఈ లేన్లన్నీ అన్నయ్య చేతిలోవే."

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. లేను అంటే పొడుగాటి నున్నటి చెక్కబాట. ఆ చివర పిన్నులు నిలబెట్టి ఉంటాయి, ఈ చివరనుంచి బరువైన బంతి దొర్లించి వాటిని కూలగొట్టాలి. పైకి కనపడనిదేమిటంటే, ఆ బాట మీద మన వైపునుంచి సగానికి పైగా పల్చటి నూనె పొర ఉంటుంది. నూనె మీద బంతి జారుతుంది. నూనె దాటి పొడిచెక్క తగిలేసరికి పట్టు దొరికి పక్కకి తిరుగుతుంది. ఆ తిరుగుడులోనే ఉంది ఆటంతా. కాబట్టి లేనుని బట్టి బంతి. నూనె చిక్కగా ఉంటే గరుకు బంతి తియ్యాలి, నున్నటిది తీస్తే సబ్బుముక్కలా చివరిదాకా జారిపోతుందే తప్ప తిరగదు. నూనె పల్చగా ఉంటే మెరుపు బంతి తియ్యాలి, గరుకుది తీశామా, సగం దారిలోనే తిరిగి మనింటికి రావాల్సింది పక్కింటికి పోతుంది. నేను ఒకప్పుడు పడవల్లో తిరిగాను. నీటి రంగు చూసి తెడ్డు మార్చే సరంగులు ఉండేవారు. నూనెకి ఆ పాటి రంగు కూడా లేదు. తుడిచి వదిలేసిన లేనూ మెరుస్తుంది, నూనె రాసిన లేనూ మెరుస్తుంది. తేడా వేలికి తెలుస్తుంది, లేదా ఆటగాళ్ళ చేతిలో ఉండే తుడుపుగుడ్డకి తెలుస్తుంది. వేసిన బంతి తిరిగి రాగానే దాని మీది నూనె తుడుచుకుంటారు. నూనె ఉంటే గుడ్డ మీద బూడిదరంగు చార పడుతుంది.

రోజూ పొద్దున్నే హాలు తెరవకముందు ఒక్కో లేను మీదా యంత్రం నడపడం మావయ్య పని. అది ముందు పాత నూనె తుడుచుకుంటూ పోతుంది, వెనకాలే కొత్తది రాస్తుంది. ఉట్టి తుడుపుడే కావాలంటే దానికో మీట ఉంది. యంత్రం దిగాక ఆయన మోకాళ్ళ మీద కూచుని ప్రతి లేనునీ వేలితో ముట్టుకునేవాడు. పిల్లవాడి నుదురు తాకి జ్వరం చూసినట్టు చూసేవాడని టీ కౌంటరు ఆవిడ మాట.

కోడలికి ఆట నేర్పింది ఆయనే. ఆ అమ్మాయి బేకరీలో పిండి కలుపుతుంది. మధ్యాహ్నం ఆయనకి భోజనం క్యారేజీ తెచ్చి, తినేదాకా ఊరికే నిలబడలేక ఒకరోజు బంతి పట్టుకుంది. పిండి పిసికిన మణికట్టు, బంతి గిర్రున తిరిగింది. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఏం నేర్చుకోవడం మావయ్యా, ముద్ద తిప్పి బల్ల మీద వేసినట్టు వేశాను."

ఎవరో వదిలేసి పోయిన రెండు బంతులు వెతికి, వేళ్ళు దూర్చే బెజ్జాలు పూడ్పించి, ఆమె చేతికొలతకి మళ్ళీ తొలిపించాడు. నల్లది గరుకు, ఎర్రది మెరుపు. ఆటకి ముందు ఆమె ఒకే మాట అడిగేది: "ఏ బంతి మావయ్యా?" ఆయన చెప్పింది తీసేది. ఆయన మాట ఎన్నడూ తప్పు పోలేదు. పోదు మరి, నూనె రాసిందీ ఆయనే.

ఆ ఏడు హాలు తరఫున ఆడవాళ్ళ జట్టు ఒకటి వేరే ఊరు పోటీలకి వెళ్ళాల్సి వచ్చింది. జట్టులో అందరూ కుదిరారు, ఒక్క చోటు మిగిలింది. దానికి ఇద్దరు. కోడలు ఒకరు, మందుల షాపావిడ రెండోవారు. ఈ రెండో ఆవిడకి ముక్కుసూటమ్మ అని పేరు. ప్లాస్టిక్ బంతి తీసుకుని తాడు పట్టి గీసినట్టు తిన్నగా వేస్తుంది. తిప్పడాలూ గిప్పడాలూ లేవు. లేను మీద నూనె ఉన్నా, పాయసం ఉన్నా ఆవిడకి ఒకటే. ఇద్దరికీ ఒక ఆదివారం పోటీ పెట్టారు, గెలిచినవాళ్ళు వెళ్తారు.

కోడలు పెళ్ళయ్యాక తన కోసమని ఎక్కడికీ వెళ్ళింది లేదు. వారం ముందే బీరువా మీది ప్రయాణపు సంచీ దింపి, దులిపి, గుమ్మం పక్కన పెట్టుకుంది. అత్తగారు "ఆలూ లేదు చూలూ లేదు" అని మేలమాడితే, "గాలికి ఆరుతుందని పెట్టానత్తయ్యా" అంది.

ఆదివారం పొద్దున్న మావయ్య తెల్ల ప్యాంటు వేసుకున్నాడు. కొడుకు కుట్టించింది, మడత విప్పనిది. యంత్రం ఎక్కించి, అది తన దారిన తను పోతూంటే, టీ కౌంటరు దగ్గర నిలబడి కోడలి గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు. ముందురోజు కడుగుడు కోసం తుడుపు మీట వేసి పెట్టింది ఆయనే. దాన్ని వెనక్కి తిప్పడం మర్చిపోయింది కూడా ఆయనే. యంత్రం రోజులాగే మూలుగుతూ వెళ్ళింది, వచ్చింది. లేన్లు అద్దంలా మెరిశాయి. మిగిలింది మోకాళ్ళ మీద కూచుని ముట్టుకోవడం. తెల్ల ప్యాంటు వైపు చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కనాడు ముట్టుకోకపోతే ఏమవుతుందనుకున్నాడు.

జనం వచ్చారు. మేనేజరు వచ్చి కూచున్నాడు. కోడలు రెండు బంతులూ తీసి బల్ల మీద పెట్టి, అలవాటు ప్రకారం అడిగింది.

"ఏ బంతి మావయ్యా?"

నెమ్మదిగా చెప్తే పోయేది. కానీ తెల్ల ప్యాంటు మనిషి గొంతు పెంచాడు. "నల్లది తియ్యమ్మా. చిక్కటి నూనె దట్టించాను. ఇవాళ నల్లది కాక ఇంకోటి వేస్తే నూనె మావయ్య అని పిలవకండర్రా నన్ను."

జనం నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. ఈ మేనేజరే కిందటి నెలలో, బంతి వేసే చోట నూనె కారి ఒకాయన జారిపడితే, ఇదే ఆఖరిసారి పెద్దాయనా, ఇంకో పొరపాటు జరిగితే యంత్రం వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను అన్నాడు. ఆ మాట ఇంటిల్లిపాదికీ తెలుసు.

మొదటి బంతి సగం దూరం కూడా పోకుండానే ఎడమకి తిరిగింది. ఓ మూల పిన్నులు రెండు పడ్డాయి. మొదటి బంతికి చెయ్యి కుదరలేదేమో అనుకున్నారు అందరూ, ఆయన కూడా. రెండోసారీ అంతే. కోడలు కాస్త కుడికి జరిగి వేసింది, బంతి ఇంకా ముందే తిరిగింది. అప్పుడు ఆయనకి అనుమానం వచ్చింది. ఆమె బంతి తుడుస్తున్న గుడ్డ వైపు చూశాడు.

గుడ్డ తెల్లగానే ఉంది. ఉతికి ఆరేసినట్టుంది.

ఒక్క చెయ్యి ఎత్తితే చాలు. లేను మీద నూనె పడలేదని తేలితే పోటీ ఆపి, నూనె రాయించి, మళ్ళీ మొదటినుంచి ఆడిస్తారు. అది అక్కడి నియమం. ఆయన చెయ్యి తొడ మీదే ఉంది. తేలు కుట్టిన దొంగలా కూచున్నాడు. మేనేజరు ఇటు తిరిగి, "ఏంటి పెద్దాయనా, మీ నల్లబంతి మాట వినట్లేదే" అంటే ఒక వెర్రినవ్వు నవ్వాడు. అంతే చేశాడు.

అవతల ముక్కుసూటమ్మ తాడు పట్టినట్టు వేసుకుంటూ పోతోంది.

ఎర్ర బంతి కోడలి పక్కనే బల్ల మీద ఉంది. టీ కౌంటరు ఆవిడ ఉండబట్టలేక కేకేసింది కూడా, "ఆ ఎర్రది తియ్యవే పిల్లా." కోడలు విననట్టు మళ్ళీ నల్లదే ఎత్తింది. వేసి వచ్చి, తుడిచి, ఒకసారి మావయ్య వైపు చూసింది. చూసి, చేతిలో గుడ్డని లోపలికి మడిచింది, తెల్లదనం ఎవరికీ కనపడకుండా. అప్పుడు తెలిసింది ఆయనకి. మొదటి బంతికే ఆ పిల్లకి తెలిసిపోయింది. వేళ్ళు నూనె వాసన మరిచిపోతాయా? ఎర్రది తీస్తే నూనె లేదని అందరి ముందూ చాటినట్టు. అందుకని తియ్యలేదు.

ఓడిపోయింది. మేనేజరు వచ్చి, "మీ మావయ్య చెప్పిన బంతే వేశావు కదమ్మా, ఏమైంది?" అన్నాడు.

"మణికట్టు బాలేదండీ. నిన్న పిండి ఎక్కువ కలిపాను."

మావయ్య పక్కనే ఉన్నాడు. ఈ మాట కూడా విని ఊరుకున్నాడు. నాతో ఈ కథ చెప్తూ, ఇక్కడికొచ్చేసరికి ఆయన రెండు సార్లు ఆగిపోయాడు. మొదటిసారి ఆగి, బూట్ల వరస సర్దడానికి లేచి వెళ్ళిపోయాడు.

సిగ్గు గురించి పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను నేను. తప్పు చేసినవాణ్ణి నలుగురూ చూడడమే సిగ్గు అని రాశారు చాలామంది. ఈయన తప్పు ఎవరూ చూడలేదు. చూసిన ఒక్క మనిషీ గుడ్డ మడిచి దాచేసింది. పుస్తకాలు రాసినవాళ్ళకి ఇలాంటి కోడళ్ళు లేరేమో.

బస్సులో ఇంటికి వస్తూ బంతుల సంచీ అందుకోబోయాడు. "బరువు మావయ్యా, నేను తెస్తాలెండి" అంది. మామూలుగానే అంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే గుమ్మం పక్కన ప్రయాణపు సంచీ లేదు, బీరువా మీద ఉంది. దాని మీద పాత దుప్పటి కూడా కప్పేసి ఉంది. అది చూశాక ఇంక ఆగలేకపోయాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నూనె రాయలేదమ్మా నేను. మీట తిప్పడం మర్చిపోయాను."

ఆమె పొయ్యి మంట తగ్గించింది. "తెలుసు మావయ్యా."

"మరి ఎర్రది తీసుంటే..."

"మీరు చెయ్యెత్తుతారని చూశాను." టీ గ్లాసులోకి వంపుతూ, "బంతి వేసిన ప్రతిసారీ చూశాను" అంది. కోపంగా అనలేదు. గ్లాసు అందించింది.

ఒంటికి నూనె రాసుకుని ఇసకలో పొర్లినా అంటేదే అంటుతుందంటారు. ఆయనకి అంటింది ఆ ఒక్క మాట. టీ తాగకుండానే హాలుకి వెళ్ళి మేనేజరుకి అంతా చెప్పాడు. జట్టు పేర్లు అప్పటికే వెళ్ళిపోయాయి. "నిన్న ఒక్క మాట అనాల్సింది, పెద్దాయనా. నూనె రాయించి మళ్ళీ ఆడించేవాణ్ణి" అన్నాడు మేనేజరు. యంత్రం సంగతి ఎత్తనే లేదు. ఎత్తింది ఈయనే. తాళం బల్ల మీద పెట్టి, బూట్ల దగ్గర కూచుంటానన్నాడు.

"ఎవరేమన్నారని?"

"ఎవరూ అనలేదు. అదేనండీ."

నేను ఆ ఊరు వదిలే ముందురోజు వాన తెరిపిచ్చింది. బూట్లు తిరిగి ఇద్దామని బల్ల దగ్గర కూచుని లేసు విప్పబోతే ముడి పడిపోయింది. మావయ్య ఇవతలికి వచ్చి, మోకాళ్ళ మీద కూచుని, ముడి పట్టుకున్నాడు. అప్పుడే కోడలు వచ్చింది, భుజాన సంచీతో, చేతుల మీద ఇంకా పిండి మరకలతో.

"ఏ బంతి మావయ్యా?"

"నేను రాయలేదు కదమ్మా. నువ్వే ముట్టుకుని చూసుకో."

ఆమె లేను మొదట్లో కూచుని వేలితో తాకింది. వేలు చూసుకుని నల్ల బంతి తీసింది. దూరంగా, నూనె అయిపోయిన చోట, బంతి ఒళ్ళు విరుచుకున్నట్టు తిరిగి పిన్నులన్నిటినీ తీసుకుపోయింది. బంతి తిరిగి రాగానే తుడిచి, గుడ్డని మడవలేదు. రెండు కొనలూ పట్టుకుని ఇటు తిప్పి చూపించింది. అడ్డంగా బూడిదరంగు చార.

"మావయ్యా, అటు చూడండి" అన్నాను నేను.

"చూశానండీ" అన్నాడు, తల ఎత్తకుండా. లేసు ముడి మాత్రం ఊడింది.