ధట్టీకి కుట్టిన రూపాయి

పట్నం నుంచి ఇబ్రహీంపట్నం వచ్చే బస్సుకు వెనక అద్దం ఉండేది కాదు. దారి పొడుగునా దుమ్ము టికెట్టు లేకుండా ఎక్కి, నాకంటె మంచి సీటు చూసుకునేది. ఆ ఏడు మొహర్రం సెలవులకు కూడా అట్లనే ఎర్రగా దిగిన.

అప్పటికి నాకు పాత నోట్ల పిచ్చి బాగా ముదిరింది. కాలేజీలో తోటివాళ్లు సిగరెట్లు నేర్చుకుంటుంటే నేను భూతద్దం కొన్న. నా దగ్గరున్న వాటిలో చెప్పుకోదగ్గది ఒక్కటే: నిజాం సర్కారు మొదట్లో అచ్చేసిన హాలీ రూపాయి నోటు. అంచు చుట్టూ వెంట్రుకకంటె సన్నని గీతలు, ఒకదాన్నొకటి దాటుకుంటూ, ఎక్కడా తెగకుండా తిరిగేవి. ఒక పక్కన తెలుగు అక్షరాలు కూడా ఉండేవి, మమ్మల్ని మరిచిపోలేదన్నట్టు. అచ్చేసే రేకు మీద ఆ గీతలు చెక్కినాయన కండ్లు తర్వాత ఏమైనాయోనని నాకు ఫికర్. మా ఊరి దుకాణదారుకు ఆ ఫికర్ లేదు. కొత్త అచ్చు వచ్చినంక పాతది ముట్టుకునేవాడే కాదు.

హాస్టల్లో దొంగల భయం. అందుకని ఆ నోటును మా అన్న ఇనప్పెట్టెలో పెట్టిన.

"నా పానం లెక్క చూసుకుంట. నువ్వు మంచిగ చదువుకో," అన్నడు అన్న.

నమ్మిన. చదువుకున్నవాణ్ని కదా.

మా ఇంట్లో పీరుకు మొక్కితే ధట్టీ కట్టాలె. ఆ రంగుగుడ్డకు ఒక నోటు కూడా కుట్టాలె. ఆఖరు రోజు పీర్లను చెరువుకు తీసుకపోయి ముంచుతారు; నోటు ధట్టీతోపాటే మునగాలె. ఆ ఏడు అన్న ఎద్దు కాలు బాగయింది.

ఊరేగింపులో అన్న కట్టిన ఆకుపచ్చ ధట్టీ మీద నాకు తెలిసిన గీతలు కనబడ్డయి. నట్టనడుమ సూది దిగింది. భూతద్దంతో పని పడలేదు. జనాన్ని తోసుకుంటూ నేను గట్టు దిగేసరికి పీరు మునిగి లేచింది. గుడ్డకు అంటుకున్న కాగితం మీద గీతలు ఒకదాంట్లోకి ఒకటి కారుతున్నయి.

అన్న పక్కనే మోకాటిలోతు నీళ్లల్ల నిలబడి ఉన్నడు.

"అన్నా, గది నాది."

"అవ్."

"పెట్టె నిండ నీ నోట్లు ఉండంగ, నాదే దొరికిందా?"

అన్న పీరుకు దండం పెట్టుకోవడం పూర్తి చేసి, నా వైపు తిరిగిండు.

"చెల్లే నోటు నీళ్లల్ల ముంచుమంటవా?"