మా వదిన వంతు

మా వదిన అంటే మా ఆయనకి సొంత అక్క. యాభై ఎనిమిదేళ్ళు. విరిగిన సర్ఫింగ్ బోర్డులు అతకడం ఆవిడ పని. అల మీద నిలబడి జారడానికి వాడే ఆ పొడుగాటి బోర్డులు బండకి తగిలి చీలినా, ముక్కు ఊడినా అందరూ ఆవిడ షెడ్డుకే తెస్తారు. ఊళ్ళో ఆవిడ పేరు ఎవరికీ గుర్తు లేదు, అతుకులక్క అంటేనే తెలుస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "బోర్డులతకడానికే చేతులు చాలడం లేదు, మొగుణ్ణి కూడా ఎక్కడ అతుకుతూ కూర్చోను?" అంటుంది.

ఆవిడ పనిలో ఒక అలవాటుంది. చీలిన చోట పైపొర కోసి, లోపలి తెల్లటి ఫోమ్ బయటపడగానే, దాని మీద పెన్సిలుతో రాస్తుంది. ఎప్పుడు విరిగింది, ఎక్కడ విరిగింది, తప్పెవరిది. ఆ తర్వాతే పైన ఫైబరు గుడ్డ పరిచి, గాజులాంటి రెసిన్ జిగురు పోస్తుంది. అది గట్టిపడ్డాక రాత లోపల అలాగే కనిపిస్తూ ఉంటుంది. "మళ్ళీ విరిగితే మొదట్నించీ కథ అడగక్కర్లేదు కదే" అంటుంది. నేను పచ్చడి సీసాల మీద తేదీ వేసుకుంటాను, అలాంటిదే అనుకునేదాన్ని.

మా ఆయన పోయి తొమ్మిది నెలలు. అక్కతో పాటు ఆయనా అలలెక్కేవారు గానీ, పోయింది నీళ్ళలో కాదు. ఇంట్లోనే, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒరిగిపోయారు. అప్పట్నించి వదిన సముద్రంలో కాలు పెట్టలేదు. బోర్డులు అతుకుతుంది, ఇచ్చేస్తుంది, అంతే. ఆయన బోర్డు షెడ్డులో గోడకి వేలాడుతూ ఉండేది. వదిన దాని వైపు వీపు పెట్టుకుని పని చేసేది.

ఒకరోజు సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడి అంది. "ఏమే, రేపు పొద్దున్నే తయారుగా ఉండు. వాడి బోర్డు మీద అక్కడ ఒక్క అల ఎక్కుతాను. ఇక ఆ పైన నీళ్ళకో దణ్ణం. బోర్డు ఎవరికో ఇచ్చేస్తాను."

"నేనెందుకు వదినా?"

"బట్టలకి కాపలా ఎవరుంటారే?"

అక్కడ అంటే ఎక్కడో నాకూ తెలియదు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ముప్పై ఏళ్ళ కింద కనిపెట్టిన చోటు. ఊరికి చాలా దూరం. ఎవరికీ చెప్పకూడదని ఒట్టేసుకున్నారు. కొత్త పెళ్ళికూతుర్ని, నన్ను కూడా తీసుకెళ్ళమంటే మా ఆయన, "నీకు చెబితే మీ అమ్మకి చెబుతావు, మీ అమ్మకి తెలిస్తే రేడియోలో చెప్పినట్టే" అనేవారు. పదేళ్ళ కింద ఆయన మోకాలు చెడ్డాక ఇద్దరూ అంత దూరం పోవడం మానేశారు.

వ్యానులో మూడు గంటలు. దారి పొడుగునా వదిన చెబుతూనే ఉంది. "పంపుహౌసు దాటాక మూడో మలుపే. ఎర్ర గేటు. ఎడమకి మట్టిదారి. ఒక్క నరమానవుడు కనిపించడు చూడు. గాలీ, కొంగలూ, మనమూ."

మట్టిదారి మీద ఇప్పుడు తారు పరిచి ఉంది. చివర నలభై బళ్ళు ఆగి ఉన్నాయి. గొడుగు కింద ఒకామె టీ అమ్ముతోంది.

వదిన ఇంజను ఆపి స్టీరింగు పట్టుకుని కూర్చుంది. "ఇదేమిటే, పెళ్ళివారొచ్చి దిగినట్టుంది!" అంది. ఆ తర్వాత మొహం ఎర్రబడింది. "ఎవడో నోరు జారాడు. వాడెవడో దొరికితే నాలుక కోసి, పైన ఫైబరు గుడ్డ వేసి అతికేస్తాను!"

వెనక్కి పోదామంటుందేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం బోర్డు దించి చంకలో పెట్టుకుంది.

ఒడ్డు నుంచి నీళ్ళలోకి ఒక నల్లబండ నాలుకలా చాచుకుని ఉంది. అల దాని కొసన లేచి, పక్కనున్న ఇసుక దాకా చీర మడత విప్పుకున్నట్టు సాగుతుంది. ఎక్కాలంటే బండ చివరి నుంచే దూకాలి. అందుకని జనం బండ మీద వరసగా, బోర్డులు పట్టుకుని, టికెట్ల కిటికీ ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. అల దిగినవాళ్ళు ఇసుక మీద నడిచొచ్చి మళ్ళీ వరస చివర నిలబడాలి. అదీ అక్కడి పద్ధతి.

వదిన చివర నిలబడింది. నేను తువ్వాలూ ఫ్లాస్కూ పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఇంతలో ముందున్నవాళ్ళలో ఎవరో వంతు రాకుండానే దూకబోయారు. బండ బండంతా ఒక్క గొంతుతో అరిచింది. "గాడిదా, ఆగు!"

వదిన ఉలిక్కిపడింది. తమ్ముణ్ణి ఆవిడ పిలిచే పిలుపు అది. మా పెళ్ళిలో కూడా అలాగే పిలిచింది.

ముందు నిలబడ్డాయన వెనక్కి తిరిగి నవ్వాడు. జుట్టు నెరిసింది. బస్సు డ్రైవరునని తనే చెప్పాడు. "కొత్తా అక్కయ్యా? ఇక్కడ తొందరపడ్డవాళ్ళని అలాగే అంటాం. తరతరాల మర్యాద!"

"కొత్తా? నేనా?" అంది వదిన పళ్ళు కొరుకుతూ. "అసలు ఈ చోటు మీకెవరు చెప్పారు?"

"మనిషి కాదక్కయ్యా, బోర్డే చెప్పింది. ఇదిగో. పాతది కొన్నాను. నాకు ముందు ఏడుగురి చేతులు మారిందట. అందరూ ఇది చదువుకునే వచ్చారు, వాళ్ళ వెనకాల వాళ్ళ చుట్టాలొచ్చారు."

బోర్డు తిప్పి పట్టుకున్నాడు. పసుపెక్కిపోయిన అతుకు. రెసిన్ లోపల పెన్సిలు రాత, చీమల బారులాగ. నేను కూడబలుక్కుని పైకే చదివాను. "పంపుహౌసు దాటాక మూడో మలుపు. ఎర్ర గేటు. ఎడమకి మట్టిదారి. నల్లబండ కొసన దూకాలి. మా గాడిద వంతు రాకుండా తొందరపడి బండకి కొట్టాడు. తప్పు వాడిదే."

వదిన ఆ అతుకుని వేలితో తడిమింది. నావైపు వంగి, గొంతు తగ్గించి అంది. "మొదటిసారి వచ్చిన వారమే రాశానే. దారి మరిచిపోతామేమోనని. కాగితమైతే పోతుంది, బోర్డెక్కడికి పోతుందిలే అనుకున్నాను."

"మరి ఆయన అమ్మేశారుగా వదినా, మోకాలు చెడ్డాక కొత్తది కొనుక్కున్నప్పుడు!"

"అమ్మేముందు చదివి చావద్దూ వెధవ!"

నాకు నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తొమ్మిది నెలల్లో అంత నవ్వలేదు. నన్ను చూసి వదినా మొదలుపెట్టింది. ఇద్దరం బండ మీద కూలబడి కళ్ళు తుడుచుకుంటుంటే డ్రైవరు తెల్లబోయాడు.

"ఏమైందక్కయ్యా?"

"ఏం లేదు నాయనా. ఆ గాడిద ఈమె మొగుడు. రాసిన మహాతల్లిని నేనే."

మాట వరస పొడుగునా నిప్పులా పాకింది. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూశారు. కొందరి బోర్డుల మీద ఆవిడ అతుకులున్నాయి, చేతులు మారి వచ్చినవి కాబట్టి ఆవిడ మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. "అక్కయ్యా, ముందుకి రండి, మీరే ఎక్కండి!" అన్నారు.

"అదేం కుదరదు" అంది వదిన గట్టిగా. "వంతు వంతే. నా తమ్ముణ్ణే క్షమించలేదు, నన్ను నేను క్షమిస్తానా?"

గంటన్నర నిలబడింది. మోకాళ్ళు రాసుకుంటూ ఒక్కో అడుగూ జరిగింది. ఎవరు ఎలా దూకాలో, ఎక్కడ కాలు పెట్టకూడదో ముందున్నవాళ్ళకి చెబుతూనే ఉంది. వంతు వచ్చింది. ఆయన బోర్డుని రెండు చేతులా గుండెకి హత్తుకుని దూకింది.

బోర్లా పడుకుని నాలుగు బారలు వేసింది. అల లేచింది. మొదట కనిపించలేదు, నేను తువ్వాలు పట్టుకుని లేచి నిలబడ్డాను. ఆ తర్వాత నురుగులోంచి పైకి వచ్చింది. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, నెరిసిన జడ వెనక్కి ఎగురుతుంటే బండ పొడుగునా నా ముందు నుంచే జారుకుంటూ పోయింది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. బండ మీద అందరూ ఈలలు. అంత దూరం ఎవరూ పోలేదు, ఇసుకలో బోర్డు ఆగేదాకా ఆవిడ నిలబడే ఉంది.

నేను తువ్వాలు విప్పుకుని పరిగెత్తాను. "తుడుచుకో వదినా, పద. వ్యానులో పొడిబట్టలు తీసి పెట్టాను."

"ఇప్పుడే తుడుచుకుని ఏం లాభమే?" అంది. తువ్వాలు నా భుజం మీదే వేసి, నీళ్ళు కారుతూ, రొప్పుతూ, బండ వైపు నడిచింది. వెళ్ళి వరస చివర నిలబడింది. ముందున్న అమ్మాయి బోర్డుని చేత్తో తట్టి అంటోంది.

"ముక్కు కాస్త పైకెత్తి పట్టుకో తల్లీ. బండకి కొట్టావంటే మళ్ళీ నా దగ్గరికే తెస్తావు. నాకు తీరిక ఉండదు, నేను ఇక్కడుంటాను."